తలుపు చీమ

జిగురు చుక్క గసగసాల గింజ కంటే చిన్నదిగా ఉండాలి. చీమలమ్మ దాన్ని సూది మొనతో కాగితపు ముక్కోణం కొసకు తాకించి, ఊపిరి బిగబట్టి, దాని మీద చీమను కూర్చోబెట్టింది. నడిమి కాళ్ళకూ వెనక కాళ్ళకూ మధ్యే అతకాలి. కాస్త ముందుకు జరిగితే మెడ కనబడదు, వెనక్కి జరిగితే నడుం కనబడదు. ఆ రెండూ కనబడకపోతే అది ఏ జాతిదో ఎంత పండితుడైనా చెప్పలేడు. ఊపిరి వదిలి ఇంకో చీమను తీసుకుంది.

ముప్ఫై రెండేళ్ళుగా ఆమె చేస్తున్న పని ఇదే. వానలు తెరిపివ్వని అడవుల నుంచి స్పిరిట్ సీసాల్లో వచ్చిన చీమలను ఆరబెట్టడం, అతికించడం, సూదికి గుచ్చి కింద చీటీ పెట్టడం. ఏ అడవి, ఏ చెట్టు, ఏ రోజు, ఎవరు పట్టారు అన్నదంతా గోరంత కాగితం మీద ఆమె చేతి రాతే. ఎవరు అతికించారన్నది మాత్రం రాయరు. హాజరు పుస్తకంలో తప్ప ఆమె అసలు పేరుతో ఎవరికీ పని లేదు. మ్యూజియంలో అందరికీ ఆమె చీమలమ్మ. వంగి వంగి మెడ ముందుకు పడిపోయింది. వీధిలో నడుస్తున్నా ఏదో పారేసుకుని వెతుక్కుంటున్నట్టే ఉంటుంది. నాఫ్తలీన్ వాసన జుట్టులోకి ఇంకిపోయింది, బస్సులో పక్క సీటువాళ్ళు కొంచెం జరిగి కూర్చుంటారు. అలవాటైపోయిందని ఆమె అనుకుంటుంది గానీ, కాలేదు.

ఈ సాయంత్రంతో ఉద్యోగం అయిపోతుంది. ఉదయం రాగానే బల్ల సొరుగు ఖాళీ చేసి, అట్టడుగున దాచిన ఒక చిన్న క్యాప్సూల్ గొట్టాన్ని చేతిసంచిలో వేసుకుంది. అది ఇంటికి వెళ్ళిపోతే కథ అక్కడితో ముగిసిపోతుంది.

ఆ గొట్టం కథ పంతొమ్మిదేళ్ళ నాటిది. అప్పట్లో ఒక సీసాలో చిటారుకొమ్మల చీమలు వచ్చాయి. వాటి కాపురం ఎండుపుల్లల బోలులో. ఏదో పురుగు తొలిచి వదిలేసిన బొక్కే గుమ్మం. ఇంట్లో కొందరు అక్కచెల్లెళ్ళకు తల పళ్ళెంలా బల్లపరుపుగా ఉంటుంది. పుట్టిన దగ్గర్నుంచి పోయేదాకా వాళ్ళ పని ఆ తలను గుమ్మానికి అడ్డం పెట్టి నిలబడడం. ఇంటి చీమ వచ్చి మీసాలతో తడితే ఒక అడుగు వెనక్కి వేస్తారు. పరాయిదైతే కదలరు. మేతకు వెళ్ళరు, ఇంట్లోవాళ్ళే నోటికి అందిస్తారు. ఈ సంగతి అప్పట్లో చీమల విభాగం చూసే పెద్దసారు చెప్పినప్పుడు, నోటికి అందించేవాళ్ళుంటే తనూ నిలబడేదాన్నని చీమలమ్మకు అనిపించింది.

సీసా అడుగున ఒక పళ్ళెం తల ఊడిపోయి ఉంది. పక్కనే తల లేని ఒళ్ళు ఒకటి, వీపు మీద ముళ్ళతో. ఆ రోజు అమ్మ ఆసుపత్రిలో ఉంది, నాలుగింటికల్లా వెళ్ళాలి. దాని తల దానిదే కదా అని అతికించేసింది. పెద్దసారు మైక్రోస్కోప్ మీంచి అరగంట లేవలేదు. పళ్ళెం తలా, వీపు ముళ్ళూ ఒకే ఒంటి మీద అంతవరకూ ఎవరూ చూడలేదట. కొత్త జాతి అని తేల్చారు. ఉన్నది ఒక్కటే గనక, ఆ జాతికి ఆనవాలు అదేనని ఎర్ర చీటీ గుచ్చారు. అందరి ముందూ ఆయనన్న మాట ఆమెకు ఇప్పటికీ వినిపిస్తుంది: "దీన్ని ముందు చూసింది నువ్వే. పేరు కూడా నీదే పెడుతున్నాను."

ఇంటికి వెళ్ళి అక్కకు ఫోన్ చేసింది. అక్క కొడుకు వెనకనుంచి, "చీమకా పిన్నీ? దోమకైతే ఊరంతా తలుచుకునేవాళ్ళం" అన్నాడు. నవ్వింది. ఆ రాత్రంతా సంతోషంగా ఉంది.

ఎనిమిది నెలల తరవాత ఖాళీ సీసాలు కడుగుతుంటే, మూత కింది దూదిలో ఇరుక్కుని ఒక గుండ్రటి తల, ఒక నున్నటి ఒళ్ళు కనిపించాయి. చూడగానే తెలిసిపోయింది. తను రెండు జాతుల చీమలను కలిపి అతికించింది. ఆ రెండింటినీ గొట్టంలో దాచి, రేపు చెబుదామనుకుంది. ఆయన మంచం పట్టారు, పోయారు. ఆయన పరువు కోసమే ఊరుకున్నానని చాలాకాలం తనకు తనే నచ్చజెప్పుకుంది. సగం అబద్ధం. లోకంలో తన పేరున్నది ఆ ఒక్కటే.

పదకొండింటికి అడవిపిల్ల వచ్చింది. ముప్ఫై నిండని పరిశోధకురాలు. ఆ పేరు చీమలమ్మ పెట్టిందే. మోచేతుల దాకా పురుగుకాట్ల మచ్చలు.

"అమ్మా, మీ చీమను ఇంకోసారి చూపిస్తారా? వచ్చే నెల దాన్ని వెతకడానికి మళ్ళీ అడవికి వెళ్తున్నాం."

"నాలుగోసారా?"

"నాలుగోసారే. ఈసారి ఏటికి అవతలి చెట్లెక్కుతాం. అక్కడా లేకపోతే ఇక లేనట్టే."

"పాప ఎలా ఉంది?"

"బానే ఉంది. పోయినసారి తిరిగొచ్చేసరికి నన్ను చూసి మా అత్తగారి వెనక దాక్కుంది." అడవిపిల్ల నవ్వబోయి సొరుగుల బీరువా వైపు తిరిగింది.

చీమలమ్మ ఆ చీమ ఉన్న సొరుగు తెచ్చిచ్చి తన బల్ల దగ్గరికి వచ్చింది. మరో రెండు చీమలను అతికించింది. రెండోది వంకరగా కూర్చుంది. తీసి మళ్ళీ పెట్టింది, మళ్ళీ వంకరే. చేతులు తుడుచుకుని, సంచిలోంచి గొట్టం తీసుకుని వెళ్ళి మైక్రోస్కోప్ పక్కన పెట్టింది.

"ఆ చీమ లేదమ్మాయ్."

"అంతరించిపోయిందంటారా?"

"ఎప్పుడూ లేదు. నేను అతికించాను."

అడవిపిల్ల గొట్టంలోకి చూసింది, తరవాత ఎర్ర చీటీ చీమ మెడలోకి చాలాసేపు చూసింది. "జిగురు గీత ఉంది. వెంట్రుకంత కూడా లేదు."

"అప్పట్లో అంత సన్నగా పెట్టేదాన్ని" అంది చీమలమ్మ. గొంతులో కాస్త గర్వం పలికింది. వెంటనే సిగ్గుపడింది.

"మూడేళ్ళమ్మా. మా వాడొకడు చెట్టు మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు."

"తెలుసు."

"తెలిసి కూడా..."

"తెలిసి కూడా చెప్పలేదు. దానికి నా పేరుంది."

అడవిపిల్ల కిటికీ దగ్గరికి వెళ్ళి, అటు తిరిగే నిలబడింది. చీమలమ్మకు కూర్చోవాలో నిలబడాలో తెలియలేదు. తిట్టినా బాగుండుననిపించింది.

చివరికి ఆ అమ్మాయి వచ్చి ఖాళీ చీటీ ఒకటి ముందుకు జరిపింది. "పేరు పుస్తకాల్లోంచి కొట్టేస్తారు. నేనే రాయాలి ఆ వ్యాసం."

"రాయి."

"సూది మీది చీటీలు తియ్యకూడదు కదా."

"తప్పయినా తియ్యరు. కింద ఇంకోటి పెడతారంతే."

"అయితే అది మీరే రాయండి. ఎవరు అతికించారో కూడా."

చీమలమ్మ కళ్ళద్దాలు తుడుచుకుంది. సన్నపాళీ కలంతో రాసింది: తల ఒక జాతిది, ఒళ్ళు వేరే జాతిది, మిగతా ముక్కలు గొట్టంలో. తరవాత తేదీ. తన పేరు దగ్గర కలం కొద్దిసేపు ఆగింది. ముప్ఫై రెండేళ్ళలో వేలాది చీటీలు రాసిన చెయ్యి, ఆ అక్షరాలను చిన్నవిగా ఎలా రాయాలో వెతుక్కుంది.

నాలుగింటికి కింద టీ ఇచ్చారు. అధికారి లేచి ఆమె ఇరవై ఎనిమిదేళ్ళు సేవ చేసిందన్నాడు. ఆమె సరిదిద్దలేదు. అడవిపిల్ల రాలేదు. మేడ మీద ప్రయాణం రద్దు చేయిస్తూ ఫోన్లో ఉందని ఎవరో అన్నారు. "పాపకు చెప్పండి, అమ్మ వెళ్ళట్లేదని" అనడం మెట్ల దగ్గరికి వినిపించింది. చీమలమ్మ ఆ మాట పూర్తయ్యేదాకా నిలబడి, తేలికైన సంచితో బస్టాపు వైపు నడిచింది. బస్సులో పక్క సీటు ఖాళీగానే ఉంది.

మేడ మీది గదిలో, మూసిన సొరుగులో ఆ సూది నిలబడి ఉంది. పైన పళ్ళెం తల చీమ, దాని కింద ఎర్ర చీటీ, ఆ కింద గొట్టంలో రెండు ముక్కలు, అన్నిటికీ అడుగున కొత్త సిరాతో ఆమె పేరు.