గవ్వల నడికట్టు దాటిన ఎద్దు

బోరింగుకీ బాలింతకీ విశ్రాంతి ఇవ్వకపోతే రెండూ దక్కవు. ఈ ముక్క మా కొండల్లో మగాళ్ల బుర్రకెక్కదు. మొదటి బోరింగును వాళ్లే చంపారు. పశువుల కోసం పగలూ రాత్రీ కొట్టీ కొట్టీ, ఊట మిగలక ఇసుక పైకొచ్చి, లోపలి వాషర్లు అరిగి పిండైపోయాయి. ఆ తర్వాత ఏట్లో చెలమ తవ్వుతుంటే ఇసుక విరిగి మీదపడి నా కూతురు చెప్కొపుస్ ఊపిరాడక చచ్చిపోయింది. అందుకే రెండో బోరింగు పడ్డాక ఆడవాళ్లం కట్టుబాటు పెట్టాం. ఎండ నడినెత్తికి రాగానే పిడి ఊడదీస్తాం, నీడలు సాగాకే మళ్లీ బిగిస్తాం. బోరింగు పక్కనే నా గుడిసె. పిడి నా దగ్గరే ఉంటుంది.

ఆ మిట్టమధ్యాహ్నం నా కొడుకు లిమాంగురా మందతో వచ్చాడు. వెంట బరిసెలు పట్టుకుని నలుగురు కుర్రాళ్లు, ముందు వాడి ఎద్దు. మా పొకోట్ తెగలో మగాడికి పెళ్లాం కంటే ఎద్దే ముందు. దాని పేరే వాడి పేరు, వాడి పాటలన్నీ దాని మీదే.

"అమ్మా, పిడి ఇవ్వు. ఎద్దు నాలుక వేలాడేసింది."

"నీడ సాగనీరా. అందాకా ఏటికి తోలుకుపో."

"ఏరు ఎండి చచ్చింది!"

"బోరు కూడా చావాలా? నీ చెల్లెలు చచ్చింది చాల్లేదా?"

"ఎప్పుడు చూడూ దాని పేరెత్తి నా నోరు నొక్కుతావ్!" అంటూ నన్ను తోసేసి పిడి లాక్కున్నాడు.

మా తోటికోడలు చెమ్కెత్ అడ్డం పడింది. "కన్నతల్లిని తోస్తావట్రా! థూ, నీకంటే ఆ ఎద్దు నయం!"

ఆ ఇనప పిడితోనే చెమ్కెత్‌ని కొట్టాడు. చెయ్యి ఎముక విరిగిన చప్పుడు విన్నాను. అంతే, గుడిసెల్లోంచి ఆడవాళ్లు ఉరికొచ్చారు. అందరం రోకళ్లతో, రాళ్లతో వాళ్ల మీద పడ్డాం. ఒకడి పళ్లు రాలాయి. ఇంకొకడు కర్రతో నా తల పగలగొట్టాడు. నెత్తురు కళ్లలోకి కారుతుంటే, లిమాంగురా బోరింగు వైపు పోవడం కనిపించింది.

పరుగెత్తి ముందు నిలబడి, నా గవ్వల నడికట్టు విప్పాను. వీణ్ని మోసిన నెలలన్నీ కట్టుకున్నది. బోరింగుకు అడ్డంగా నేల మీద పరిచాను.

"దీన్ని దాటింది ఏదైనా పొద్దుగూకేలోగా చావాలి. దాటరా చూద్దాం, నా కడుపున పుట్టినోడా!"

కుర్రాళ్లు బరిసెలు దించేశారు. తల్లి నడికట్టు దాటి బతికినవాడు మా కొండల్లో లేడు. లిమాంగురా అడుగు వెనక్కి వేశాడు. ఎద్దుకేం తెలుసు? తడి వాసన పట్టి, అందర్నీ తోసుకుని, నడికట్టు దాటి వెళ్లి బోరింగు కింది ఖాళీ తొట్టిలో మూతి పెట్టింది.

"అమ్మా, మాట వెనక్కి తీసుకో. నోరులేని గొడ్డే అది!"

"నోరు జారిన మాట వెనక్కి రాదురా. అది నీ పేరు మోస్తోంది. అది బతికితే శాపం నీకే తగులుతుంది."

అన్నానే గానీ, నా గుండె అవిసిపోయింది. పిల్ల పోయింది, వీడూ పోతే నేనేం కావాలి?

వాడు పిడి నా కాళ్ల దగ్గర పడేసి, బరిసె తీసుకున్నాడు. ఎద్దు మెడ కావలించుకుని దాని పాట పాడుతూ పొడిచాడు. మొదటి పోటుకు అది పడలేదు. వాడి వైపు తిరిగి చూసింది. ఏడుస్తూ మళ్లీ పొడిచాడు, మళ్లీ పొడిచాడు. తొట్టి నెత్తురుతో నిండింది.

నీడలు సాగాక పిడి బిగించి కొట్టాను. నీళ్లు తేటగా వచ్చాయి. మొదటి డబ్బా వాడి ముందు పెట్టి, "తాగు నాయనా" అన్నాను.

వాడు తాగలేదు. నా వైపు చూడకుండా, ఆ నీళ్లన్నీ చచ్చిన ఎద్దు నోట్లో పోశాడు.