దొరగారి కొలతలు

"కోట గుమ్మం ఎంతెత్తు?
దొర తలపాగా అంతెత్తు.
దొర తలపాగా ఎంతెత్తు..."

ఆ పైన ఏముండేదో సూదమ్మకి గుర్తు లేదు. మబ్బో, కొండో, ఏదో ఎత్తయినదే. చిన్నప్పుడు గెంతులాటలో పాడుకున్న పాట. కోటలో కుట్టుపనికి కుదిరి ఇన్నేళ్ళయినా, సూదిలోకి దారం ఎక్కిస్తుంటే నోటికి అదే వచ్చేది. ఈమధ్య మాత్రం పాడితే బాగోదని మూతి బిగించుకుని కుట్టేది.

ఎందుకంటే దొర తగ్గిపోతున్నాడు.

మొదట సామ్రాజ్యం వాళ్ళొచ్చి, మీకు సైన్యం దండగ, కాపలా మేం కాస్తాం అన్నారు. దొర సరేనన్నాడు. వారం తిరక్కుండా అంగీ చేతులు వేళ్ళ మీదికి జారాయి. సూదమ్మ మడిచి కుట్టింది. తర్వాత నాణేల మీద ముద్ర వాళ్ళదయింది. దొర భుజాలు కుంచించుకుపోయాయి. తీర్పులు చెప్పే కచేరీ కూడా తీసుకున్నాక పాత అంగీలన్నీ విప్పి, కత్తిరించి, మొదట్నుంచీ కుట్టాల్సొచ్చింది. చెట్టుకి ఆకు రాలడం ఎవరికి వింత? ఇదీ అంతే. వడ్రంగి సింహాసనానికి మెట్లు చేశాడు, కొన్నాళ్ళకి నిచ్చెన చేశాడు. వంటవాడు గిన్నెలు మార్చాడు. మిగిలిన పట్టుముక్కలతో సూదమ్మ దిండు గలీబులు కుట్టుకుని, తలకింద పట్టు, కడుపులో ఆకలి అని తనలో తనే నవ్వుకునేది.

తమ్ముడు నవ్వేవాడు కాదు. వాడు రేవులో పడవ నడిపేవాడు. తల్లి పోయాక అక్క చేతుల్లోనే పెరిగాడు.

"మీ దొరకి వద్దనడం రాదక్కా," అనేవాడు. "గంగిరెద్దులా తలూపుతాడు. రేపు నీ సూది కావాలన్నా ఇచ్చేస్తాడు చూడు."

అలా తలూపడంలోనే రేవూ పోయింది. వాళ్ళు ఏటికి అడ్డంగా గొలుసు కట్టారు. తమ్ముడు గొడ్డలి తీసుకెళ్ళి దాన్ని తెంచాడు. అడ్డొచ్చిన జవాను నీళ్ళలో పడ్డాడు, మళ్ళీ తేలలేదు. తమ్ముడికి ఉరిశిక్ష పడింది.

అప్పటికి దొర సూదమ్మ చిటికెనవేలి కణుపంత ఉన్నాడు. చేతిలో మిగిలిన అధికారం ఒకటే, ఉరి తప్పించడం. మర్నాడు మధ్యాహ్నం ఒప్పందం మీద పెట్టే సంతకంతో అదీ పోతుంది. బదులుగా దొరకి వేరే ఊళ్ళో ఇల్లు, బతికినన్నాళ్ళూ భరణం. సామ్రాజ్యం పంపిన పెద్ద అధికారిని అందరూ టోపీ అనేవాళ్ళు. ఆయన నెత్తిన ఉన్నది చిన్నదే, జనానికి పెట్టినదే పెద్దదని ఉరి తీసే తలారి వేళాకోళం. ఉరి మాత్రం పొద్దున్నే, దొర జెండా కిందే జరగాలన్నాడు టోపీ. అలా అయితే జనం తిట్లు దొరకే తగులుతాయి.

సూదమ్మ కిటికీ గట్టు మీద కూర్చున్న దొర ముందు మోకరిల్లి, తమ్ముడి ప్రాణం అడిగింది. దొర మరో మాట లేకుండా క్షమిస్తానన్నాడు. అంతలోనే టోపీ లోపలికి వచ్చి, వంగి, రేపటి పనికి మీరు అడ్డురారు కదా అని మర్యాదగా అడిగాడు. దొర తలూపాడు. టోపీ వెళ్ళిపోయాడు.

దొర తెర మడతలో మొహం దాచుకున్నాడు. "చూశావుగా," అన్నాడు. గొంతు దోమ రొదంత ఉంది. "ఆయన ముందు నా తల నా మాట వినదు."

అక్కడ ఒక పాత పద్ధతి ఉండేది. మెడకి ఉచ్చు బిగించాక తలారి గట్టిగా అడగాలి, దొర మాట ఏమైనా ఉందా అని. బదులొస్తే తాడు తీసెయ్యాలి, రాకపోతే బల్ల లాగెయ్యాలి. వెనకటికి దొర బంటు పరిగెత్తుకొచ్చి బదులు చెప్పేవాడట. ఇప్పుడు బంట్లందరూ టోపీ మనుషులే. ఉత్త మాటే కదా అని టోపీ ఆ పద్ధతిని మాన్పించలేదు.

ఉరికి వెళ్ళేవాడికి ఇంటివాళ్ళు కొత్త చొక్కా ఇవ్వచ్చు. సూదమ్మ ఒళ్ళో అది సగం కుట్టి ఉంది. దొర దాని మెడపట్టీ కేసి చాలాసేపు చూశాడు.

"ఇందులో నేను పడతానా?"

పడతాడని ఆమెకి తెలుసు. ఆయన కొలతలు ఆమెకి కాక ఇంకెవరికి తెలుసు? కానీ తాడు పడేది కూడా అక్కడే. ఆ మాట మింగేస్తే తమ్ముడు బతుకుతాడు. గొంతు దాకా వచ్చింది, మింగలేకపోయింది.

"ముందు బిగించి, తర్వాతే అడుగుతాడు దొరా," అంది.

దొర చొక్కా అంచు పట్టుకుని గట్టు మీంచి ఆమె ఒళ్ళోకి దిగాడు.

పొద్దున మైదానంలో తలారి ఉచ్చు బిగించి, అలవాటు కొద్దీ ఆవులిస్తూ అడిగాడు. తర్వాత ఆవులింత ఆపి, ఖైదీ మెడకి చెవి ఆనించాడు.

"ఉందండి," అన్నాడు. "వదిలెయ్యమంటున్నారు."

టోపీ ఎండ కేసి చూశాడు. మధ్యాహ్నానికి ఇంకా చాలా పొద్దుంది. సంతకం పడేదాకా దొర మాట చెల్లుతుందని ఊరూరా చాటించింది ఆయనే. తాడు తీయించక తప్పలేదు.

ఇంటికొచ్చి సూదమ్మ మెడపట్టీ విప్పింది. దొర నలిగిపోయి ఉన్నాడు. పెరట్లో చెంచాతో తవ్వి పాతిపెట్టింది. సంతకానికి బల్ల వేసి, కలం పెట్టుకుని టోపీ సాయంత్రం దాకా ఎదురుచూశాడు. చివరికి వారసుడు లేడు కనక సంతకమే అక్కర్లేదన్నారు. జెండా దించేశారు. ఆ దేశం ఏదో జిల్లాలో ఒక మూల అయింది.

తమ్ముడు ఆ రోజే ఏరు దాటాడు, మళ్ళీ ఇటు రాలేదు. ఎప్పుడైనా సూదమ్మే వెళ్ళేది. వాడి మెడ చుట్టూ తాడు గీత ఉండేది, ఎడమ చెవి కింద మాత్రం కాస్త మేర గీత లేదు. అక్కడ తడుముకుంటూ, తనే దూరాడా, నువ్వు దూర్చావా అని వెళ్ళినప్పుడల్లా అడిగేవాడు. ఆ పిరికి మనిషి తనంతట తాను వచ్చాడంటే వాడికి నమ్మకం కుదిరేది కాదు. సూదమ్మ వాదించేది కాదు. ఆ తెల్లవారుజామున, పట్టీ మూసేముందు, దొర తనతో చివరిసారి అన్నదే వాడికి చెప్పేది:

"కుట్లు దగ్గర దగ్గరగా వెయ్యమ్మా. భయమేసి నేను బయటికి రాబోయినా సందు దొరక్కూడదు."