నేరేడు కింది మట్టి

మా అక్క నారాయణమ్మకు పుట్టిన తొలిపిల్ల పురిటిలోనే పోయింది. పసిగుడ్డును కాల్చరు, పాతిపెడతారు. తొలిచూలు బిడ్డను పాతిన చోటు మా వైపు బయటివాళ్లకు చెప్పరు. మంత్రగాళ్లు తవ్వి తీసుకుపోతారని భయం. బావ నూకయ్య చీపురుపల్లి అవతల తన మెట్టచేలో ఒక మూల పాతి, చోటు ఎవరికీ తెలియకుండా, తమకు మాత్రం మరుపు రాకుండా, పైన నేరేడు మొక్క నాటాడు. ఆ సంగతి వాళ్లిద్దరికీ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. అక్కకు మళ్లీ కడుపు పండలేదు. చేనికి వెళ్లినప్పుడల్లా ఆ నీడలోనే కూర్చుని అన్నం తినేది.

చేను ప్రభుత్వం ఇచ్చిందే. ప్రభుత్వమే వెనక్కి తీసుకుంది, పిల్లలకు చెట్ల గురించి నేర్పే తోట వేస్తామని. నా చదువు ఏడో తరగతిలోనే ఆగిపోయింది. నేర్పేవాళ్లంటే నాకు గౌరవం ఉండాలి కాబోలు. నన్ను నీళ్లు పెట్టే పనిలో పెట్టుకున్నారు.

తోటను ముక్కలుగా గీశారు. ఒకటి మందు మొక్కలకు, ఒకటి సీతాకోకచిలుకలు వాలే పూలకు, ఒకటి పొందూరు నూలు తీసే పత్తికి. ఇంకో మడిలో నాలుగు వరసలు చోడి, అంటే రాగి, వేసి ‘మన పూర్వుల పంటలు’ అని బోర్డు పెట్టారు. పూర్వులెవరు? మొన్నమొన్నటిదాకా అక్కడ చోడి కోసింది మా బావే.

అన్నిటికన్నా పెద్దది నక్షత్ర వనం. గుండ్రంగా, ఏ నక్షత్రానికి ఆ చెట్టు. ఎవరి జన్మనక్షత్రపు చెట్టుకు వాళ్లు నీళ్లు పోస్తే మంచిదట.

నేరేడు ఉన్న మూల సీతాకోకచిలుకల ముక్కలోకి పోయింది. పూలకు ఎండ కావాలి కాబట్టి చెట్టును కొట్టేయాలన్నారు. ఆ మాట అక్కకు చెప్పాల్సి వచ్చింది నాకే.

ఆమె ఏడవలేదు. “ఒరే అసిరయ్యా, ఏటి సేస్తావో సెయ్యి. అక్కడ గునపం పడకూడదు,” అంది.

“పోనీ, పిల్ల సంగతి తోట గీసిన మేడమ్‌తో సెప్పేస్తానే.”

“సెప్పినావంటే నా మీద ఒట్టే. ఇన్నాళ్లూ దాసింది నలుగురూ వచ్చి సూడ్డానికా?”

బావ అరుగు మీద చుట్ట కాలుస్తున్నాడు. “నేరేడంటే రోహిణి సెట్టు కాదేటి? పంతులు ఎప్పుడో అన్నాడు. అది సెప్పరా. నచ్చత్రం పేరెడితే దండం ఎడతారు గానీ నరకరు.”

“ఇన్నాళ్లకి మీ బావ బుర్ర పంజేసిందిరా,” అంది అక్క. ఆ పూట నవ్వింది కూడా.

తోట గీసింది యమున మేడమ్. చెడ్డ మనిషి కాదు. చెడ్డదైతే తిట్టుకోవడానికైనా వీలుండేది. నా మాట వినగానే, “భలే గుర్తు చేశారు అసిరయ్య గారూ! రోహిణికి మాకు చిన్న మొక్కే దొరికింది. ఇంత చెట్టుండగా కొట్టడమెందుకు?” అంది. ఆ కబురు పట్టుకుని సైకిలు మీద ఊళ్లోకి పోయాను. సాయంత్రం అక్క అమ్మవారికి పసుపునీళ్లు పోసి వచ్చింది.

వారం తిరగకుండానే చెట్టు చుట్టూ కందకం తవ్వసాగారు.

“ఇదేటి మేడమ్, కొట్టనన్నారు కదా?”

“కొట్టడం లేదండీ. రోహిణి స్థానం నక్షత్ర వనంలో, అదిగో అటు. వేళ్లతో సహా తీసి అక్కడ నాటుతాం. చెట్టుకేం కాదు, చూడండి.”

పిల్ల సంగతి నోటిదాకా వచ్చింది. ఒట్టు అడ్డం పడింది.

కొమ్మలు కత్తిరించారు. వేళ్ల చుట్టూ ఉన్న మట్టిని తడి గోనెలతో కట్టి క్రేనుతో ఎత్తారు. పల్లకీలో పెళ్లికూతుర్ని ఎత్తినంత జాగ్రత్తగా. గోనెల సందుల్లోంచి కొంత మట్టి జారి మళ్లీ గోతిలోనే పడింది. గోతిని పూడ్చి, చదును చేసి, బంతి నారు వేశారు.

చెట్టు బతికింది. చిగురు కూడా వేసింది. తోట తెరిచిన రోజు రోహిణి నక్షత్రం వాళ్లు చెంబులతో వరస కట్టారు. యమున మేడమ్ అందరి ముందూ, “ఈయన వల్లే బతికింది,” అని నన్ను చూపించింది. చప్పట్లు కొట్టారు.

జనం పలచబడ్డాక అక్కా బావా వచ్చారు. అక్క ముందు బంతిపూల దగ్గర నిలబడింది. తర్వాత చెట్టు దగ్గరకు వెళ్లి చూసింది. మళ్లీ పూల దగ్గరకు వచ్చింది.

“ఒరే, నువ్వు ఎదరే ఉన్నావు కదా. మట్టి ఎంత లోతు తీసారు?”

“నడుం లోతు ఉంటాదే.”

ఆమె బావ వైపు తిరిగింది. “నువ్వెంత లోతున పెట్టావు? నాను పురిటి మంచం మీదున్నాను, నాకు తెల్దు.”

బావ చెయ్యి నడుం దగ్గర పెట్టాడు. కాసేపుంచి మోకాలి దాకా దించాడు. “ఏమోనే. ఏడుస్తా తవ్వినాను,” అన్నాడు.

“నా పిల్ల సెట్టుతో ఎల్లిపోనాదా, పువ్వుల కింద ఉండిపోనాదా? అదొక్కటి సెప్పండి.”

“సెట్టుతోటే ఎల్లిపోనాదే. నాను సూసాను,” అన్నాను.

“ఏటి సూసావు?”

ఎండకు ఆమె తూలుతుంటే రెక్క పట్టుకుని దారి మధ్యలో ఉన్న సిమెంటు బెంచీ దాకా నడిపించాను. ఒక పక్క బంతిపూలు, ఒక పక్క నేరేడు. ఆమె బెంచీ మీద చెయ్యి ఆనించింది, కూర్చోలేదు.

“ఎటు మొగం పెట్టి కూకోమంటావురా?” అంది.