బాల్కనీలో దాచిన డబ్బా

చెత్త బండి ఆయన బకెట్‌లోకి తొంగి చూశాడు. అరటితొక్కల మధ్య షాంపూ సీసా కనబడగానే మూతి తిప్పి, బకెట్‌ను తిరిగి బస్సు కండక్టరు చేతిలోనే పెట్టాడు.

"తడిది వేరు, పొడిది వేరు చేస్తేనే తీసుకుంటా."

టికెట్టు లేనివాళ్ళను ఎందరినో బస్సు దింపేసిన కండక్టరుకు, ఆ రోజు నడిరోడ్డు మీద తననే ఎవరో దింపేసినట్టయింది.

పొడి చెత్తకు ఒక సంచి తగిలించాడు. తడి చెత్తను ఏం చెయ్యాలని రోజూ తన బస్సెక్కే మొక్కల నర్సరీ ఆయన్ను అడిగితే, ఆయన మర్నాడు, చెత్త తిని ఎరువు చేస్తాయంటూ, గుప్పెడు వానపాముల్ని మట్టితో సహా మూటగట్టి తెచ్చాడు. కండక్టరు పాత పెయింటు డబ్బాకు చిల్లులు పొడిచి, తడి కాగితం ముక్కలు పరిచి, వాటి చేత అందులో కాపురం పెట్టించాడు.

ఇంట్లోనే బట్టలు కుట్టే భార్య ముక్కున వేలేసుకుంది. "ఎవరైనా ఇంట్లో పాముల్ని పెంచుకుంటారా?"

"పాములు కాదే, వానపాములు."

"పేరులో పాముందిగా, చాలు!"

చివరికి ఒప్పుకుంది గానీ, ఈ సంగతి గడప దాటకూడదంది. కుట్టించుకునేవాళ్ళకు తెలిస్తే ఇక ఒక్కరూ ఇటు రారు మరి.

కండక్టరు వాటిని కంటికి రెప్పలా చూసుకున్నాడు. భార్య మిషను తొక్కుతుంటే "కాస్త మెల్లగా, పడుకున్నాయేమో" అనేవాడు. తాను పడుకున్నప్పుడు ఆ మాట ఒక్కసారైనా అన్నాడా అని ఆమె ఇంకా గట్టిగా తొక్కేది.

అలాంటి ఇంటికి కండక్టరు అక్క చుట్టపుచూపుగా వచ్చింది. తమ్ముడు గిన్నెలో ఏదో పట్టుకుని, అటూ ఇటూ చూసి, బాల్కనీలో డబ్బా మూత తీసి వెయ్యడం ఆవిడ కంటబడింది.

"ఏంట్రా అందులో?"

"ఏం లేదక్కా."

"ఏం లేనిదానికి మూతెందుకు?"

కండక్టరు మూత ఇంకాస్త గట్టిగా నొక్కాడు. తాను వెళ్ళాక తినడానికి మిఠాయి దాచుకున్నారని అక్క తేల్చేసుకుంది. తమ్ముడు స్నానానికి వెళ్ళగానే పిల్లిలా బాల్కనీలోకి పోయి, కళ్ళజోడు కూడా లేకుండా, డబ్బాలో మణికట్టు దాకా చెయ్యి పెట్టింది.

తేలు కుట్టిన దొంగయినా నోరు మూసుకుంటాడు. అక్క మూసుకోలేదు. కేకేసి చెయ్యి లాగిన ఊపుకు డబ్బా గదిలోకి దొర్లింది, వానపాములు నేలంతా పరుచుకున్నాయి. అక్క కుర్చీ ఎక్కింది. భార్య కత్తెరతో సహా మిషను బల్ల ఎక్కింది. కండక్టరు ఒంటినిండా సబ్బు నురగతో, తువ్వాలు చుట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. డబ్బాను అడ్డంగా పెట్టి, అలవాటు కొద్దీ మొదలుపెట్టాడు.

"జరగండి, జరగండి! లోపల బోలెడు ఖాళీ ఉంది! దారిలో నిలబడొద్దు!"

బల్ల మీద భార్య పొట్ట పట్టుకుని నవ్వింది. అక్క నవ్వలేదు. "తోడబుట్టినదాని చేత పురుగుల్లో చెయ్యి పెట్టించావు కదరా!"

"నేను పెట్టించానా? నువ్వే పెట్టావు!"

అక్క నేల మీదున్న చేతిసంచి తీసుకుని ఊరెళ్ళిపోయింది.

కొన్నాళ్ళకు అక్క ఫోను చేసింది.

"ఒరేయ్, ఆవేళ మీవాడొకడు నా సంచిలో ఎక్కి వచ్చేశాడు."

కండక్టరు కంగారుగా అడిగాడు. "బతికే ఉన్నాడా?"

"పూలకుండీలో వేశా. బాగానే ఉన్నాడు, తిండే చాలట్లేదు. పక్కింటావిణ్ణి అరటితొక్కలు అడిగా. ఎందుకంది. వానపాముకని ఎలా చెప్పను? జుట్టుకు పట్టిస్తానన్నా."

"తర్వాత?"

"ఇప్పుడావిడే జుట్టుకు పట్టించుకుంటోంది. ఒక్క తొక్కా ఇవ్వడం లేదు!"

ఆదివారం కండక్టరు ఒక సంచిలో తొక్కలు, ఒక డబ్బాలో వాడి చుట్టాల్ని పెట్టుకుని అక్క ఊరికి బయల్దేరాడు. అక్క బస్టాపులోనే కాచుకుని ఉంది. తమ్ముణ్ణి తర్వాత పలకరించింది, ముందు డబ్బా అందుకుంది.