మంగాదేవి తాళం, ఉదయభాస్కర్ డ్రోను

పరాయి దేశంలో, మౌంట్ ఆల్బర్ట్ అనే పేటలో అద్దెకుంటున్న మంగాదేవికి శనివారం పొద్దున్న పదింటికి సంగీతం క్లాసు. నేర్చుకునే పిల్లలు ముగ్గురూ బ్రిడ్జికి అవతల ఆల్బనీలో ఎవరింట్లో వాళ్ళు లాప్‌టాప్ ముందు కూచుంటారు. ఈవిడ ఇక్కడ సోఫాలో కూచుని తొడ మీద తాళం వేస్తుంది. కాకినాడలో ఇరవయ్యేళ్ళు పాఠాలు చెప్పిన మనిషి. ఆవిడ తాళాన్ని వేలెత్తి చూపినవాళ్ళు లేరు.

అలాంటిది, తొమ్మిదేళ్ళ హిమజ వాళ్ళమ్మ నిరుపమ ఫోన్ చేసింది. ఎంతో మర్యాదగా నసుగుతూ, తాళం ఒకచోట, పాట ఒకచోట పోతున్నాయనీ, పాప కంగారు పడుతోందనీ చెప్పింది. మంగాదేవి సరేనమ్మా అని ఫోన్ పెట్టేసింది గానీ, ఆ పూట ఉప్మా ముట్టలేదు.

తప్పు నెట్‌దే అయ్యుంటుందని భర్త ఉదయభాస్కర్ రంగంలోకి దిగాడు. గోడకి చిల్లు పెట్టడానికి ఓనరు ఒప్పుకోక ఆ ఇంటికి ఫైబర్ నెట్ రాలేదు. కిటికీలో పెట్టిన వైర్‌లెస్ డబ్బాతోనే నెట్టుకొస్తున్నారు. ఆయన పెద్ద ప్లాన్‌కి మారాడు, ఆరు కొమ్ముల రూటర్ ఒకటి కొన్నాడు. శుక్రవారం సాయంత్రం స్పీడ్ టెస్ట్ పెట్టి, ఆ అంకెలు భార్యకి రెండుసార్లు చూపించాడు.

శనివారం మళ్ళీ అదే తంతు. ఈవిడ ‘స’ అంటే పిల్లల ‘స’ వచ్చేసరికి ‘గ’ దాకా వెళ్ళిపోతోంది.

"స్పీడు బ్రహ్మాండంగా ఉంది మంగా. ఓసారి నీ తాళమే చూసుకోరాదూ," అన్నాడు ఉదయభాస్కర్.

ఆ మాట అనకుండా ఉండాల్సింది. మూడు రోజులు ఆ ఇంట్లో గిన్నెలే మాట్లాడుకున్నాయి.

నాలుగో రోజు మంగాదేవి నిరుపమకి ఫోన్ చేసి, ఈసారి పాపని తీసుకుని ఇంటికే రమ్మంది. శనివారం తల్లీకూతుళ్ళు బ్రిడ్జి దాటి వచ్చారు. మిగిలిన ఇద్దరూ ఎప్పట్లాగే తెర మీద. పాఠం మొదలైంది. పక్కన కూచున్న హిమజ గొంతు తాళంతో చక్కగా కలిసిపోయింది. తెర మీది ఇద్దరివీ ఎక్కడో వెనకాల పడ్డాయి.

నిరుపమ మొహం ఎర్రబడింది. తను చేసే ఉద్యోగమే నెట్‌వర్కులతో. తాళం తప్పిందని ఫోన్ చేసే ముందు ఈ సంగతి తట్టలేదే అనుకుని, లాప్‌టాప్ తెరిచి ఏవో కొలతలు తీసింది. "ఆంటీ, ఈ ఇంట్లోంచి ఏదో పెద్దది నెట్‌లోకి ఎక్కుతోంది," అంది.

అందరూ పక్కగది వైపు చూశారు. ఉదయభాస్కర్ బయటికొచ్చాడు. సముద్రం ఒడ్డున డ్రోనుతో తీసిన వీడియోలు క్లౌడ్‌లోకి ఎక్కిస్తున్నాడట. నలుగురు చూసిన పాపాన పోని వీడియోలవి. క్లాసు జరిగేంతసేపూ తనకి ఎవరూ పని చెప్పరని ప్రతి శనివారం ఆ టైమే ఎంచుకున్నాడట.

"డబ్బా ఏదీ వద్దనదు అంకుల్," అంది నిరుపమ. "ఎంతిస్తే అంతా లోపల దాచుకుని వరసలో పంపిస్తుంది. ముందు మీ సముద్రం, దాని వెనకాల ఆంటీ గొంతు."

శుక్రవారం ఏదీ ఎక్కించడం లేదు కాబట్టి అంకెలు అంత బావున్నాయని కూడా చెప్పింది. డబ్బా మోయగలిగినదానికంటే కాస్త తక్కువే పంపమని రూటర్‌కి చెబితే లోపల వరస పేరుకోదట. అప్పుడు మాటల్లాంటి చిన్నవాటిని రూటరే ముందు వదులుతుందట.

"అంటే స్పీడు తగ్గించాలా?" అన్నాడు ఉదయభాస్కర్, పుస్తెలు తాకట్టు పెట్టమన్నట్టు.

"తగ్గించెయ్యమ్మా," అంది మంగాదేవి నిరుపమతో.

ఐదు నిమిషాల పని. ఈవిడ తొడ మీద దెబ్బ వేసింది. తెర మీద గొంతులు ఇంచుమించు పక్కనే ఉన్నట్టు పలికాయి. పక్కగదిలో సముద్రం కూడా ఎక్కుతూనే ఉంది, కాకపోతే నిదానంగా. ఉదయభాస్కర్ గుమ్మంలో నిలబడి, "నీ తాళంలో తప్పేమీ లేదు మంగా," అన్నాడు. ఆవిడ తల తిప్పకుండానే తాళం వేస్తూ చిన్నగా నవ్వుకుంది.

స్వరాల రెండో వరసలో, తెర మీది పిల్లల్లో రోహిత్ గొంతు మాత్రం అర అక్షరం ముందు పరిగెత్తింది. ఇన్నాళ్ళూ వాడు ఎక్కడ పాడుతున్నాడో తెలిసే దారే లేదు.

"ఆంటీ, నెట్ లాగ్ అవుతోంది," అన్నాడు వాడు.

మంగాదేవి నిరుపమ వైపు చూసింది. నిరుపమ లాప్‌టాప్ చూసి తల అడ్డంగా ఊపింది.

"నెట్ బానే ఉంది నాన్నా," అంది మంగాదేవి ప్రేమగా. "మొదటినించీ అందుకో."