రేపటి దుమ్ము

ఏలూరులో, వట్లూరు రోడ్డులో ముస్తాక్ షెడ్డుకి పొద్దున్నే బండ్లు బారులు తీరేవి. రిపేర్లున్న బండ్లు సగమే. మిగతా సగం, రేపు ఎటు పోవాలో తెలుసుకోడానికొచ్చేవి.

ఇంజన్ పీల్చే గాలిని వడగట్టే ఫిల్టర్లు దులపడం ముస్తాక్ భార్య రేహానా పని. షెడ్డు వెనక పాత పేపరు పరిచి, పీట వేసుక్కూర్చుని, కాయితం మడతల ఫిల్టరుని అరచేత్తో మెల్లిగా తట్టేది. రాలేది నిన్నటి దుమ్ము కాదు, రేపటిది. ఎర్రమట్టి రాలితే చింతలపూడి వైపు, తవుడు రాలితే అత్తిలి మిల్లులకి, చేపల మేత వాసనొస్తే కొల్లేరుకి. “రేపు ఎటండీ రేహానా గారూ?” అని డ్రైవర్లు బస్సు టైం అడిగినట్టు అడిగేవారు. ఒకసారి విజయ్ కుమార్ జీపులో తలంబ్రాల బియ్యం రాలాయి. ఇంకేముంది, తనకే పెళ్ళని షెడ్డంతటికీ టీలు పోయించాడు. తీరా చూస్తే పక్కింటివాళ్ళ పెళ్ళికి చుట్టాల్ని మోశాడు పాపం.

రాలింది రాలినట్టే జరిగేది. ఫిల్టరు తీసి పారేసినా ఆ దారి తిరిగి తన బండికే చేరేది. ఇంకో బండికి బిగిస్తే మాత్రం దారి కూడా ఆ బండికే పోయేది. అందుకే ఒకరిది ఇంకొకరికి బిగించనని ఒట్టు వేయించుకున్నాకే ముస్తాక్ ఎవరి చేతికైనా స్పానర్ ఇచ్చేవాడు. నీళ్ళు మాత్రం ఇన్నేళ్ళలో ఒక్కసారే రాలాయి, రత్నమాణిక్యం అనే డ్రైవరు వ్యానులో. రత్నమాణిక్యం మళ్ళీ షెడ్డుకి రాలేదు.

ఆ ఏడు వానలు వదల్లేదు. కొల్లేరు పొంగి లంక ఊళ్ళ రోడ్లు మునిగాయి. రేహానా కొడుకు సాజిద్ బొలెరో పికప్‌లో చేపలు తోలేవాడు. నీళ్ళకి భయపడి ఇంట్లో కూర్చుంటే వాడు సాజిద్ ఎందుకవుతాడు? ఫోన్లో నాలుగు వీడియోలు చూసి, చెరువు గట్టున పడున్న పీవీసీ పైపు తెచ్చి, బానెట్ పక్కన చిల్లు కొట్టి, పైపుని టాప్ కంటే ఎత్తుగా నిలబెట్టాడు. ఇంజన్ ఆ పైపులోంచి పైగాలి పీలుస్తుంది కాబట్టి నడుంలోతు నీళ్ళలోనూ ఆగదట.

“ముక్కు నెత్తిన పెట్టావు సరే,” అన్నాడు ముస్తాక్. “ఫిల్టరు డబ్బా అడుగున నీళ్ళు కారే చిల్లుంటుంది కదరా. దాన్నేం చేశావు?”

“చిటికెన వేలంత కూడా లేదు అబ్బా. దాన్లోంచి కొల్లేరంతా వచ్చేస్తుందా?”

గోడకి చెప్పినా ఒకటే, వాడికి చెప్పినా ఒకటే.

ఆ సాయంత్రం రేహానా కొడుకు బండి ఫిల్టరు తట్టింది. పేపరు మీద బురద జారింది. వెనకే గుర్రపుడెక్క వేరొకటి, దాన్లో చిక్కుకుని ఎగిరెగిరి పడుతున్న పరిగె చేపపిల్ల.

“సాజిద్, రేపు వెళ్ళకురా. నీళ్ళొచ్చాయి.”

“నీళ్ళలోకి పోయే బండికి నీళ్ళు రాక పాలొస్తాయా అమ్మీ? పైపెందుకు పెట్టాను మరి?”

“పైపు పనిచేస్తే ఫిల్టరు దాకా ఎందుకొస్తాయిరా!”

వాడు నవ్వేసి, అతుకులకి ఇంకో ముద్ద ఎంసీల్ మెత్తడానికి పోయాడు.

పక్కనే ఇంకో బొలెరో ఉంది, భీమశంకరం గారిది. పూజలకి ఊళ్ళు తిరిగే పంతులు గారు. ఇరవయ్యేళ్ళ నుంచీ అన్ని బండ్లూ ఈ షెడ్డులోనే చూపించుకుంటున్న మనిషి. రెండు బండ్లకీ ఒకే రకం ఫిల్టరు. ఆయన ఫిల్టర్లోంచి శుభ్రంగా అత్తిలి తవుడు రాలింది. రేహానా అటూ ఇటూ చూసింది. ముస్తాక్ టీకి వెళ్ళాడు. తప్పని తెలుసు, ఒట్టూ గుర్తుంది. అయినా చేతులు వాటంతటవే క్లిప్పులు లాగాయి. పంతులు గారి ఫిల్టరు కొడుకు బండిలోకి, కొడుకుది పంతులు గారి బండిలోకి మారాయి.

బండి తీసుకెళ్ళడానికొచ్చి ఆయన అడగనే అడిగారు. “మాకేం వచ్చిందమ్మా?”

“తవుడండీ. అత్తిలి.”

“సరిగ్గా చెప్పావు. రేపు అక్కడే గృహప్రవేశం.”

ఆ రాత్రి రేహానా అన్నం ముందు కూర్చుని లేచిపోయింది.

మర్నాడు అన్నీ సాఫీగానే మారిపోయాయి, అదే భయం. చెరువుల వాళ్ళు వల వెయ్యట్లేదని చెప్పేసరికి, తవుడు బస్తాల కోసం సాజిద్ అత్తిలి పోయాడు. ఎండలో, పొడి రోడ్డు మీద, నెత్తిన పైపేసుకుని! “ఏనుగొచ్చిందర్రోయ్” అని మిల్లు వాళ్ళు ఏడిపించారట. వాడు ఫోన్ చేసి ఆ కబురు చెబుతుంటే రేహానా నవ్వింది, నవ్వినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

పదకొండింటికి భీమశంకరం గారు ఫోన్ చేశారు.

“అమ్మా రేహానా, అత్తిలి వాళ్ళకి మైలొచ్చి ముహూర్తం వాయిదా పడిందమ్మా. కొల్లేటి లంకలో శాంతి చేయించాలంటే ఇటొచ్చాం. రోడ్డు మీద నీళ్ళు పారుతున్నాయి. దిగి చూద్దామని గట్టున బండి ఆపాను. హ్యాండ్ బ్రేకుంది, గేరుంది, అయినా నీళ్ళలోకి జారుతోంది. ఎవరో టైరు కింద రాయి పెట్టారు, రాయితో సహా జారుతోంది. లోపల మా ఆవిడ శకుంతల ఉంది, మోకాళ్ళ నొప్పులతో దిగలేకపోతోంది. నువ్వు తవుడన్నావు కదమ్మా?”

ఆ అడగడంలో కోపం లేదు. కోపమున్నా బాగుండేది.

చెబితే కొడుకు. చెప్పకపోతే ఆ తల్లి.

“పంతులు గారూ, అది మావాడి ఫిల్టరండీ. నేనే మార్చాను. బానెట్ ఎత్తి రెండు క్లిప్పులు లాగి తీసెయ్యండి. తొందరగా!”

“తీసేస్తే మీ అబ్బాయికే పోతుంది కదమ్మా?”

“తీసెయ్యండి!”

బానెట్ చప్పుడు, ఎవరివో కేకలు, శకుంతల గారి ఏడుపు. తర్వాత ఆయాసపడుతూ ఆయన గొంతు. “ఆగిందమ్మా. నీళ్ళ అంచున ఆగింది. నేను దిగే ఉన్నాను, నన్నేమీ అనలేదు. బండినే లాక్కుంది.”

ఆ మాట రేహానా చెవిలో గింగురుమంది. ఇరవయ్యేళ్ళుగా షెడ్డులో బండినీ డ్రైవర్నీ విడదీసి ఎవరూ మాట్లాడలేదు. “నేను అత్తిలి పోతున్నా” అంటారే గానీ “బండి పోతోంది” అనరు. ఫిల్టరు చెప్పేది బండి దారే. మనిషి దిగిపోవచ్చు. రత్నమాణిక్యానికి ఆ మాట చెప్పినవాళ్ళు లేరు.

వెంటనే కొడుక్కి ఫోన్ చేసింది.

“ఎక్కడున్నావురా?”

“గూడెం దాటా. కాలవ గట్టు మీదొస్తున్నా.”

“ఆపు. దిగు.”

“ఎండ మండిపోతోంది, బస్తాలున్నాయి...”

“దిగరా! నీ నీళ్ళు పంతులు గారి బండిలో పెట్టాను. ఇప్పుడవి తిరిగి నీకే వచ్చాయి. దిగి, దూరంగా నిలబడు.”

బండిలో పాట ఆగిపోయింది, ఇంజన్ మాత్రం ఆడుతూనే ఉంది. తలుపు తీసిన చప్పుడైంది, కంకర మీద అడుగులు వినిపించాయి.

“దిగాను. నువ్వు మరీ...” మాట మధ్యలో తెగింది. “అమ్మీ, బండి కదులుతోంది. బ్రేకు వేశాను కదా! తలుపు తెరిచే ఉంది, ఒక్క గెంతు గెంతితే...”

“సాజిద్! అడుగు కదిపావంటే నేనిక్కడే చస్తాను.”

పెద్ద చప్పుడైంది. ఫోన్లోంచే నీళ్ళు ముఖాన కొట్టినట్టు రేహానా కళ్ళు మూసుకుంది.

“మునిగిపోయింది,” అన్నాడు వాడు. చిన్నపిల్లాడి గొంతు వచ్చేసింది వాడికి. “పైపొక్కటే పైకి కనబడుతోంది. ఇంజన్ ఇంకా ఆడుతోందమ్మీ. నీళ్ళడుగున ఆడుతోంది.”

ఆమెకీ వినిపించింది. కాలవ అడుగునుంచి గుడగుడమని, గాలి పీలుస్తూ, వాణ్ని పిలుస్తున్నట్టే. కాసేపటికి నీళ్ళకి డబ్బా అడుగున దారి దొరికినట్టుంది. రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది.

“గట్టు మీదే ఉన్నావా?” అంది రేహానా.

“గట్టు మీదే ఉన్నానమ్మీ.”

“గట్టు మీదే ఉన్నావా?”

“ఉన్నాను.”

ముస్తాక్ ఏలూరు నుంచి వాడి దగ్గరికి చేరేదాకా ఆమె ఆ ఒక్క మాటే అడుగుతూ ఉంది.