ఎడమ అంచు

అన్యాయం జరిగింది ఎవరికి? ఏ విధంగా జరిగింది? ఈ రెండు ప్రశ్నలకూ సూటిగా జవాబు చెప్పిన తర్వాతే మిగిలిన సంగతి చెప్పడం న్యాయం. కాన్వెంటులో మా సిస్టర్లు అలాగే నేర్పారు: ముందు ఫిర్యాదు, తర్వాత సాక్ష్యం, ఆ తర్వాత శిక్ష.

అన్యాయం జరిగింది మా అమ్మ జోగులమ్మకు. చేసినవాడు గద్వాలలో పెద్ద చీరల దుకాణం నడిపే మద్దిలేటి. అమ్మ తాను పోయిననాడు తన మీద కప్పమని దాచుకున్న చీరను అతను అడిగి తీసుకుపోయి తిరిగి ఇవ్వలేదు. జీవితమంతా పట్టు నేసిన మనిషి బజారులో కొన్న మిల్లు చీరతో మట్టిలోకి పోయింది.

ఆ చీరను మొదలుపెట్టినవాడు మా నాన్న. గద్వాల చీరకు ఒళ్ళంతా నూలు, అంచులు పట్టు. ఆ నూలును, ఈ పట్టును ప్రతి పోగు దగ్గరా ఒకదానితో ఒకటి మెలివేసి కలపాలి. సూదితో పని లేకపోయినా ఆ కలయికను మా వీధిలో కుట్టు అంటారు. కుడి అంచును నేసేవారే చూసుకుంటారు. ఎడమ అంచు దగ్గర చిన్న పీట మీద ఇంకొకరు కూర్చోవాలి. మా ఇంట్లో ఆ పీట అమ్మది. చీర సగం పూర్తయిన రోజున నాన్న, నేసేవారు కాళ్ళు దించి కూర్చునే మగ్గం గుంటలోనే ఒరిగిపోయాడు. కర్మకాండలు ముగిసిన తర్వాత అమ్మ గుంటలోకి దిగింది. పీట మీద ఎనిమిదేళ్ళ నన్ను కూర్చోబెట్టింది.

నాకు కుట్టు తప్పేది. తప్పిన చోట సూదిమొనంత సందు పడేది. భయపడి తర్వాతి పోగును రెండుసార్లు మెలివేసేదాన్ని, అక్కడ చిన్న ముడి లేచేది. సందు, ముడి, మళ్ళీ సందు, మళ్ళీ ముడి. కొంగు దాకా ఎడమ అంచంతా అలాగే నడిచింది. అమ్మ ఒక్కటి కూడా విప్పలేదు.

"ఈడిదాంక మీ నాయినది, ఈడికెల్లి నీది. ఉండనీ," అన్నది.

చీర కొనడానికి వచ్చిన షావుకారు దాన్ని వెలుగుకు ఎత్తి పట్టి, చిల్లుల చీర అని మా గడప దగ్గర పడేసి పోయాడు. ఆ షావుకారు మద్దిలేటి తండ్రి. అమ్మ చీర దులిపి, మడిచి, పెట్టెలో పెట్టుకుంది. మరుసటి ఏడే నన్ను కాన్వెంటు హాస్టలుకు పంపింది. నేను చదువుకుని వనపర్తిలో ఇంగ్లీషు టీచరునై అక్కడే స్థిరపడ్డాను. మగ్గం మా తమ్ముడు తుకారాంకు, అతని భార్య కిష్టమ్మకు దక్కింది.

అమ్మ ముసలిదయ్యాక మద్దిలేటి ఒకరోజు మా ఇంటికి వచ్చాడు. అమ్మ కాళ్ళకు మొక్కి, హైదరాబాదులో పాత చీరల ప్రదర్శన ఉందని చెప్పాడు.

"దీపావళికి మల్ల తెచ్చి నీ చేతుల పెడ్త పెద్దమ్మా. నీ పేరు పెద్ద అక్షరాలతోని రాపిస్త."

పండుగ పోయింది. తుకారాం అడగడానికి వెళ్ళిన ప్రతిసారీ టీ ఇప్పించి పంపాడు. అమ్మ మంచం పట్టిన తర్వాత నేనే అతన్ని పిలిపించాను.

"మ్యూజియంల అద్దాల పెట్టెల పెట్టిండ్రు పెద్దమ్మా, రాజుల చీరల పక్కన," అన్నాడు అమ్మ చెవి దగ్గర వంగి. "ఇప్పుడు తీస్తె బాగుండదు."

"రాజుల పక్కన నాకేం పనిరా? తెచ్చియ్యి," అన్నది అమ్మ.

అతను తల ఊపి వెళ్ళిపోయాడు. ఆ వారంలోనే అమ్మ పోయింది. మా ఇంటివాళ్ళను దహనం చేయరు, భూమిలో పెడతారు. మిల్లు చీర కప్పి మట్టి వేస్తున్నప్పుడు మద్దిలేటి కూడా పిడికెడు మట్టి వేశాడు. నేను చూశాను.

ఇది ఫిర్యాదు. సాక్ష్యం దొరకడానికి నాలుగేళ్ళు పట్టింది.

వనపర్తి బస్టాండు పక్కన మునవ్వర్ కళ్ళద్దాల దుకాణం ఉంది. నా కంటి శుక్లం తీసిన తర్వాత కొత్త అద్దాల కోసం అక్కడికి వెళ్ళాను. అతను నా దగ్గర చదువుకున్నవాడు. నన్ను కూర్చోబెట్టి, బల్ల మీది మెత్తటి గుడ్డను విప్పి చూపించాడు. అందులో ఒక జత నల్ల కళ్ళద్దాలున్నాయి.

"జర గివి సూడుండ్రి టీచరమ్మా. ఇటలీ ఫ్యాషన్ కంపెనీవి. వీటి ధరకు నేను దుకాణానికి కొత్త షట్టరేపిచ్చి, లోపల ఏసీ గూడ పెట్టిస్త. పెట్టినంక గిరాకీలు పొమ్మన్నా పోరు, అది వేరే సంగతి."

"ఎవరివి?"

"గద్వాల మద్దిలేటి షావుకారువి. హైదరాబాద్ పోతుంటె మడతల స్క్రూ వదులైందంట, డ్రైవర్‌తోని పంపిండు. కాడలు సూడుండ్రి, మీ గద్వాల పనే."

చెవుల మీదికి వచ్చే ఆ రెండు కాడలూ గాజులాంటి ప్లాస్టిక్కుతో చేసినవి. వాటి లోపల వేలెడు పొడవున చీర అంచు ముక్కలు పెట్టి మూసేశారు. మునవ్వర్ దగ్గరున్న భూతద్దం తీసుకుని ఒక కాడను కిటికీ వెలుగుకు ఎదురుగా పట్టుకున్నాను. పట్టుకూ నూలుకూ నడుమ సూదిమొనంత వెలుగు. దాని పక్కన ముడి. మళ్ళీ వెలుగు, మళ్ళీ ముడి.

నా ఎనిమిదేళ్ళ వేళ్ళను నేను గుర్తుపట్టాను.

"ఏంది టీచరమ్మా, పరేషాన్ గున్నరు?"

"నేను కాదు మునవ్వర్, పరేషాన్ కావలసినవాడు వేరే ఉన్నాడు. స్క్రూ బిగించి పంపు. నేను చూసినట్టు చెప్పకు."

ఆ సాయంత్రమే గద్వాల బస్సెక్కాను. కిష్టమ్మ మగ్గం మీది నుంచే పలకరించింది. నేను చెప్పేలోపు ఆమే ఒక వార్త చెప్పింది. ఇటలీ కంపెనీ వాళ్ళు వచ్చే నెల గద్వాల వస్తున్నారట. పెద్ద ఆర్డరు ఇస్తారట. మద్దిలేటి ఇల్లిల్లూ తిరిగి నేతగాళ్ళను ఒప్పిస్తున్నాడట.

"అంచుకు చిల్లులు పెట్టి నెయ్యాల్నంట వదినా. నలబై ఏండ్లు చిల్లు పడకుంట నెయ్యనీకె సచ్చినం. ఇప్పుడు చిల్లు పెట్టనీకె నేర్సుకోవాల్నంట."

"ఆ చిల్లులు ఎవరు నేర్పారో తెలుసా?" అని నేను చూసింది చెప్పాను.

అటూ ఇటూ పోగు విసిరే నాడె కిష్టమ్మ చేతిలో ఆగింది. తర్వాత మరొకటి గుర్తు చేసుకుంది. మద్దిలేటి తన దుకాణం గోడకు అద్దం బిగించి ఒక సగం చీర వేలాడదీశాడు. తన ఇంటి పెద్దలు నేసిందని వచ్చినవాళ్ళకు చూపిస్తున్నాడు. అది నాన్న నేసిన సగమని నాకు వెంటనే అర్థమైంది. చిల్లులున్న సగాన్ని కంపెనీ వాళ్ళు కోరితే కోసి అమ్మాడు, లేని సగాన్ని గోడకెక్కించాడు.

"ఇప్పుడే పోయి చెప్పు తీస్త," అని కిష్టమ్మ లేచింది.

"కూర్చో. వీధిలో వాళ్ళందరినీ ఆర్డరుకు ఒప్పుకోమను. నువ్వూ ఒప్పుకో. ఆ చీర తన ఇంటిదని నలుగురి ముందు, తన నోటితో, ఆ కంపెనీ వాళ్ళకు చెప్పే రోజు దాకా మనం నోరు తెరవం."

అన్నట్టుగానే నెల రోజులు నోరు తెరవలేదు. ఒకసారి దుకాణానికి వెళ్ళి, అద్దంలోని చీర మడత అంచున ఎడమ పక్కన నా మొదటి ముడి ఉందని మాత్రం చూసి వచ్చాను. మధ్యలో మద్దిలేటి నాకు ఫోన్ చేసి ఫంక్షనుకు రమ్మని పిలిచాడు. "మన వీధిల ఇంగ్లీషు వచ్చినోళ్ళు నువ్వొక్కదానివే అక్కా. ముందు వరుసల కూసుంటె మాకు మర్యాద." తప్పకుండా వస్తానని చెప్పాను.

ఆ రోజు దుకాణానికి పూలు కట్టారు. కంపెనీ తరఫున వచ్చినామె యాభై దాటిన మనిషి, ముఖంలో అనవసరమైన నవ్వు లేదు. అది నాకు నచ్చింది. మద్దిలేటి నల్ల కళ్ళద్దాలు పెట్టుకునే మైకు పట్టుకున్నాడు. అతని కూతురు దీపిక పక్కన నిలబడి ఇంగ్లీషులోకి మార్చి చెబుతోంది.

"ఇది మా అమ్మ సొంత చేతులతోని నేసిన చీర. ఆమె సంతోషంగ ఇచ్చింది కాబట్టే ఇయ్యాల లోకమంత తిరుగుతుంది."

వెనుక వరుస నుంచి కిష్టమ్మ గొంతు వినిపించింది. "మీ అమ్మ ఎన్నడన్న మగ్గం గుంటల దిగిందా షావుకారూ? దిగుంటె పైకి గుంజనీకె నలుగురం రావాల్సుండె గద, మాకెందుకు యాదిలేదు?"

నేతగాళ్ళు నవ్వారు. మద్దిలేటి కూడా నవ్వబోయాడు. అప్పుడు నేను లేచి, కంపెనీ మహిళతో నేరుగా ఇంగ్లీషులో మాట్లాడాను. చీర ఎవరిదో, ఎలా పోయిందో చెప్పాను. నా మాటను నమ్మవద్దని, కళ్ళతో చూసి తేల్చుకోమని అన్నాను.

"గోడ మీద ఉన్న సగాన్ని దింపించండి. కోసిన అంచును కిందికి మడిచారు. ఆ మడత విప్పండి. కోసిన చోటికి కొంచెం ముందు నుంచే ఎడమ అంచులో సందులు మొదలవుతాయి. కుడి అంచులో ఒక్కటి కూడా ఉండదు. నేను కూర్చున్నది ఎడమ పక్కన."

"అక్కా, అవన్నీ ఇప్పుడెందుకు," అని మద్దిలేటి అడ్డు వచ్చాడు. దీపిక తండ్రి ముఖంలోకి చూసి, తానే వెళ్ళి ఫ్రేము దింపింది.

మడత విప్పారు. సందులు ఎడమ పక్కనే ఉన్నాయి. కంపెనీ మహిళ చెయ్యి చాచింది. మద్దిలేటి కళ్ళద్దాలు తీసి ఇవ్వక తప్పలేదు. ఆమె ఆ కాడను చీర పక్కన పెట్టి, దీపపు వెలుగులో రెండింటినీ చాలాసేపు చూసింది. తర్వాత నా వైపు తిరిగి, ఈ కుటుంబానికి ముట్టవలసింది ముట్టిందని నా నోటి నుంచి వినేదాకా కొత్త ఆర్డరు మీద సంతకం చేయనని చెప్పింది. సగం చీర నా చేతికిచ్చింది. కళ్ళద్దాలు అతనికి తిరిగి ఇచ్చింది. దీపిక ఆ మాటలను మైకులోనే, ఒక్కటి కూడా వదలకుండా, తెలుగులో చెప్పింది.

మరునాడు మద్దిలేటి తుకారాం ఇంటికి సంచి పట్టుకుని వచ్చాడు.

"తప్పైంది అక్కా. ఎంతో చెప్పు."

"సంచి బయట పెట్టి రా. నాకు చీర కావాలి."

"కోసి పారేసిన దాన్ని యాడికెల్లి తేవాలె?"

"కోసిన సగం నెయ్యి. గుంటలో కిష్టమ్మ కూర్చుంటుంది. ఎడమ పీట మీద నువ్వు."

"నాకు నేత పని తెల్వదు గద అక్కా."

"నాకూ అప్పుడు తెలియదు."

అతను తల వంచుకుని వెళ్ళిపోయాడు. కానీ ఆర్డరు ఆగింది. నేతగాళ్ళు దుకాణం మెట్లెక్కడం మానేశారు. ఎండాకాలం మొదట్లో ఒక ఉదయం అతను వచ్చి, చెప్పులు విడిచి, పిల్లల కోసం చేసిన ఆ పీట మీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. నేను ఎదురుగా కుర్చీ వేసుకున్నాను.

మొదటి రోజు నల్లద్దాలు తీయలేదు.

"ఇంట్ల గూడ ఎండ గిట్లనే కొడ్తుందా షావుకారూ?" అని అడిగింది కిష్టమ్మ.

వీధిలో నుంచి కిటికీ దగ్గరికి చేరినవాళ్ళు నవ్వారు. మగ్గం దగ్గరి మసక వెలుతురులో ఆ అద్దాలతో పోగు కనిపించదు. అతను వాటిని తీసి కిటికీ గట్టు మీద పెట్టాడు. ఎర్రబడిన కళ్ళతో, మా చీరను పడేసినప్పటి తండ్రి వయసు దాటిన వేళ్ళతో, పోగును వెతుక్కున్నాడు. కుట్టు తప్పింది. సందు పడింది.

"విప్పు," అన్నాను.

విప్పాడు. మళ్ళీ తప్పింది. మళ్ళీ విప్పించాను. రోజులు గడిచాయి. వేలి చర్మం పగిలింది. కిటికీ దగ్గర జనం పలచబడలేదు. అతని దుకాణానికి వచ్చిన గిరాకీలు కూడా యజమాని ఎక్కడ అని అడిగి ఇక్కడికి వచ్చి చూసి పోయేవారు. ఒక మధ్యాహ్నం అతను చెయ్యి ఆపి నా వైపు చూశాడు.

"పెద్దమ్మ నీవి ఒక్కటి గూడ విప్పియ్యలేదంట గద అక్కా."

"నేను ఆమె బిడ్డను. నువ్వెవరు?"

అతను మళ్ళీ పోగు అందుకున్నాడు. నాకు జాలి కలగలేదు. కలిగిందని రాస్తే అబద్ధమవుతుంది.

తొలకరి పడే ముందు ఆ సగం పూర్తయింది. నేత లేని ఉత్త పోగుల మీద కిష్టమ్మ కత్తెర పెట్టి దాన్ని మగ్గం నుంచి వేరు చేసింది. నేసిన బట్ట మీద కత్తెర పెట్టడం మా ఇంట్లో లేదు. నాన్న సగాన్నీ, దీన్నీ ఆమే సూదితో కలిపి కుట్టింది. నేను ఎడమ అంచు మొత్తాన్నీ వెలుగులో చూశాను. కొత్త సగంలో ఒక్క సందు కూడా లేదు.

ఊరి బయట అమ్మ సమాధి దగ్గరికి నలుగురమే వెళ్ళాం. తుకారాం పార అందించాడు. మద్దిలేటి నడుము లోతు దాకా తానే తవ్వాడు, తానే దిగాడు, చీరను అమ్మ మీదుగా తల నుంచి పాదాల దాకా పరిచాడు. పైకి ఎక్కబోతుంటే ఆపాను.

"అవి కూడా. వాటిలో ఉన్నది మా అంచే."

అతను జేబులో నుంచి కళ్ళద్దాలు తీసి, ఒకసారి చూసుకుని, చీర మీద ఎడమ అంచు దగ్గర పెట్టాడు. పైకి వచ్చి మట్టి పూడ్చాడు. ఎండ సూటిగా ముఖాన కొడుతోంది. కళ్ళు చిట్లించుకుని నా ముందు నిలబడ్డాడు.

నేను అక్కడే ఫోన్ తీసి, కంపెనీ మహిళకు చెప్పవలసిన మాట చెప్పాను. మా అమ్మకు ముట్టవలసింది ముట్టింది అని మాత్రమే చెప్పాను. ఇతను మంచివాడని చెప్పలేదు.

"అయినట్టేనా అక్కా?"

వంగి, మట్టిని చేత్తో అన్ని వైపులా అదిమి చూశాను. ఎక్కడా సందు లేదు.

"అయింది," అన్నాను.